గీజర్ మారిస్తే పైపులు కూడా మార్చాలా? గోడ కొట్టించే ముందు చూసుకోవాల్సినవి

పాత గీజర్ ట్యాంకు చిల్లు పడింది, కొత్తది కొందామనుకుంటున్నారు. షాపుకి వెళ్ళే ముందు ఒక టేపు పట్టుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళండి. ఈ పనిలో చేతి చమురు వదిలేది గీజర్ ధర దగ్గర కాదు, కొత్త గీజర్‌కీ గోడలోంచి నీళ్ళ పైపులు బయటికొచ్చే పాయింట్లకీ పొంతన కుదరనప్పుడు. పాతది నిలువుది, ఆఫర్‌లో వచ్చిందని అడ్డంగా బిగించేది తెచ్చారనుకోండి, లేదా పదిహేను లీటర్ల స్థానంలో ఇరవై అయిదు లీటర్లది తెచ్చారనుకోండి, పైపులు అందవు. బిగించడానికి వచ్చినతను కాసేపు అటూ ఇటూ చూసి "గోడ కొడితేనే సెట్ అవుద్దండీ" అంటాడు. అప్పటికే బాక్సు విప్పేశారు, పాతది ఊడదీసేశారు, ఇంట్లో వేణ్ణీళ్ళు లేవు, ఆ టెన్షన్‌లో సరే కానివ్వండి అనేస్తాం.

చాలా ఇళ్ళల్లో గోడ జోలికి వెళ్ళక్కర్లేదు. గోడలో ఉన్నది మంచి సీపీవీసీ (వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) లైను అయితే దాన్ని ముట్టుకోకండి, గీజర్‌నే దానికి తగ్గట్టు ఎంచుకోండి. ఉన్నది తుప్పు పట్టిన జీఐ (జింకు పూత ఉన్న ఇనుప పైపు) అయితే మాత్రం గోడ పాయింటుకీ గీజర్‌కీ మధ్య ఉండే కనెక్షన్ పైపులు కొత్తవి తగిలించి సర్దుకుపోకండి, లైనే కొత్తగా వేయించండి. ఈ రెండింటిలో మీది ఏ ఇల్లో ముందు తేల్చుకుంటే మిగతా నిర్ణయాలన్నీ తేలిగ్గా అయిపోతాయి.

గోడలో ఏముందో ముందు చూడండి

విజయవాడలో ఈ మధ్య కట్టిన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా సీపీవీసీనే ఉంటుంది. సత్యనారాయణపురం, గవర్నర్‌పేట, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట వైపు పాత ఇండిపెండెంట్ ఇళ్ళల్లో జీఐ పైపులు ఇంకా కనిపిస్తాయి. మధ్యలో ఎప్పుడో బాత్‌రూమ్ బాగుచేయించి ఉంటే రెండూ కలిసి ఉండొచ్చు కూడా, చన్నీళ్ళ లైను జీఐ, వేణ్ణీళ్ళది సీపీవీసీ. అందుకని ఇంటి వయసు చూసి ఊహించకండి. పాయింటుకి బిగించి ఉండే చిన్న వాల్వు, అదే యాంగిల్ కాక్, ఎప్పుడైనా ఇప్పాల్సి వస్తే పాయింటు లోపల టార్చి వేసి చూడండి, డాబా మీదా డక్ట్‌లోనూ బయటికి కనిపించే చోట పైపు మీద అచ్చు చదవండి. మీగడ రంగులో ఉంటే సాధారణంగా సీపీవీసీ. ఎర్రమట్టి రంగు పొట్టు రాలుతుంటే జీఐ. తెల్లటి యూపీవీసీ (చన్నీళ్ళకి వాడే ప్లాస్టిక్) పైపు వేణ్ణీళ్ళ వైపు కనిపిస్తే మాత్రం ఆగండి. మంచినీళ్ళ యూపీవీసీ పైపుల ప్రమాణం ఐఎస్ 4985, అది 45 డిగ్రీల వరకే. సీపీవీసీది ఐఎస్ 15778, అది 82 డిగ్రీల దగ్గర కూడా ప్రెషర్ తట్టుకుంటుంది. గీజర్‌లో నీళ్ళు 60 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి వేణ్ణీళ్ళ లైనులో యూపీవీసీ ఉంటే అది ఎప్పటికైనా మెత్తబడి జాయింట్ల దగ్గర వదిలేస్తుంది. అలాంటి లైను బాగానే పనిచేస్తున్నట్టు కనిపించినా మార్పించెయ్యండి.

లైను లోపల ఎలా ఉందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది, గోడ కొట్టే మాట ఎత్తిన ఏ ప్లంబర్ చేతనైనా ముందు ఇది చేయించండి. గీజర్ కరెంటు ఆపేసి, చన్నీళ్ళు వచ్చే వాల్వు కట్టేసి, నీళ్ళు వదిలేసి, రెండు కనెక్షన్ పైపులూ గీజర్ నుంచి విప్పండి. ఇప్పుడు ఒకటే కనెక్షన్ పైపుతో గోడలోని చన్నీళ్ళ పాయింటునీ వేణ్ణీళ్ళ పాయింటునీ నేరుగా కలిపెయ్యండి. వాల్వు తెరిచి వేణ్ణీళ్ళ కుళాయి తిప్పితే మామూలు నీళ్ళే గోడలోని వేణ్ణీళ్ళ లైను గుండా వస్తాయి. దాంతో ఒక బకెట్ నింపండి, చన్నీళ్ళ కుళాయితో ఒక బకెట్ నింపండి. కొంచెం తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు, కనెక్షన్ పైపు లోపలి దారి ఇరుకుగా ఉంటుంది కాబట్టి ఆ మాత్రం తేడా వస్తుంది. వేణ్ణీళ్ళ వైపు బకెట్ నిండడానికి రెట్టింపు, మూడు రెట్లు టైమ్ పడితే లైను లోపల మూసుకుపోయింది అని అర్థం. కుళాయి కట్టేసి, ఆ కలిపిన పైపుని రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున్నే గోడ అవతలి వైపు బెడ్‌రూమ్‌లో చెమ్మ మచ్చ పడిందేమో చెయ్యి పెట్టి చూడండి. కొత్త గీజర్ వచ్చేదాకా పైపు అలా ఉండిపోయినా నష్టం లేదు, రెండు కుళాయిల్లోనూ చన్నీళ్ళు వస్తాయి, స్నానాలు ఆగవు.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. కృష్ణా నీళ్ళొచ్చే లైను మీద ఉన్న ఇంటికీ, బోరు మీదే నడిచే అపార్ట్‌మెంట్‌కీ చాలా తేడా ఉంటుంది. బోరు నీళ్ళు వేడెక్కినప్పుడు సున్నంలాంటి గార కడుతుంది, అది హీటింగ్ ఎలిమెంట్ మీదే కాదు, గీజర్ నుంచి బయటికొచ్చే పైపులోనూ, మిక్సర్‌లోనూ పేరుకుంటుంది. గీజర్ మార్చినా షవర్ సన్నగానే వస్తోందని బాధపడేవాళ్ళలో చాలామంది ఇంట్లో అసలు సంగతి ఇదే.

ఇప్పుడు దారులు

మొదటిది, అన్నిటికన్నా మంచిది: పాతదాని కొలతలకి సరిపోయే గీజర్ కొనడం. నిలువుదైతే నిలువుదే, అడ్డందైతే అడ్డందే, అదీ కుడివైపు పైపులా ఎడమవైపు పైపులా చూసుకుని మరీ. కొలవాల్సినవి కొన్నే. రెండు పాయింట్ల మధ్య దూరం, పాయింట్ల నుంచి పైకప్పు లేదా అటక దాకా ఎత్తు, పక్కన వెంటిలేటర్ దాకా ఖాళీ, పదహారు ఆంప్స్ సాకెట్ ఎక్కడుందో. ఇవి ఫోటోతో సహా ఫోన్‌లో పెట్టుకుని షాపుకి వెళ్ళి, బాక్సు మీద ఉన్న కొలతల బొమ్మతో పోల్చండి. గీజర్ అడుగున పైపులు తగిలించే రెండు నిపుల్స్ మధ్య దూరం కంపెనీని బట్టి, ఒకే కంపెనీలో మోడల్‌ని బట్టి కూడా మారుతుంది కాబట్టి పాత కంపెనీదే కొంటున్నాం కదా అని ధీమాగా ఉండకండి. ఇంకోటి, నిలువు గీజర్‌ని పడుకోబెట్టి బిగించేద్దాం అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. వేడి నీళ్ళు పైకి చేరతాయి, నిలువు గీజర్‌లో బయటికెళ్ళే గొట్టం ట్యాంకు పైభాగం దాకా లేచి అక్కడి నుంచి తీసుకుంటుంది. దాన్ని పడుకోబెడితే ఆ లెక్కంతా తప్పుతుంది, ఎలిమెంట్ నీళ్ళల్లో పూర్తిగా మునగకపోయే ప్రమాదం కూడా ఉంది.

సైజు విషయంలో ఒక మాట. మన ఊళ్ళల్లో జనవరిలో కూడా తెల్లవారుజాము చలి సాధారణంగా 18, 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఎండాకాలంలో డాబా మీద ట్యాంకు నీళ్ళే కాలుతుంటాయి. బకెట్ స్నానాలు చేసే ముగ్గురు నలుగురికి పదిహేను లీటర్లది చాలు, వేడి నీళ్ళల్లో చన్నీళ్ళు కలుపుకుంటాం కదా. పాతది పదిహేనైతే కొత్తది కూడా పదిహేనే కొంటే పైపుల గొడవే ఉండదు. షవర్ కింద వరసగా స్నానాలయ్యే ఇంట్లోనే ఇరవై అయిదు గురించి ఆలోచించండి. ఇరవై అయిదు లీటర్లని 25 నుంచి 60 డిగ్రీలకి తేవడానికి సుమారు ఒక యూనిట్ కరెంటు, రెండు కిలోవాట్ల ఎలిమెంట్‌తో అరగంట పడుతుంది.

రెండోది, కాస్త పొడవైన కనెక్షన్ పైపులు వాడటం. పాయింట్లు నాలుగైదు అంగుళాలు అటూ ఇటూ అయితే ఇదే సరైన పరిష్కారం. ఖర్చు వందల్లో తేలిపోతుంది, గోడ పని అయితే వేలల్లోకి వెళ్తుంది. విజయవాడ వన్‌టౌన్‌లోనో గుంటూరు పట్నం బజార్‌లోనో హార్డ్‌వేర్ షాపులో అడిగితే పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు అంగుళాలవి ఇస్తారు. కానీ ఏదో ఒకటి తెచ్చెయ్యకండి. వాష్‌బేసిన్ కింద వాడే తెల్ల పీవీసీ కనెక్షన్ పైపు గీజర్‌కి పనికిరాదు, వేడికి ఉబ్బి నట్టు దగ్గర ఊడిపోతుంది. స్టీల్ అల్లిక ఉన్నది, వేణ్ణీళ్ళకి పనికొస్తుందని దాని మీద రాసి ఉన్నది తీసుకోండి. పైపు మరీ బిగుతుగా లాగినట్టు ఉండకూడదు, మడత పడేంత పొడుగూ ఉండకూడదు. నట్టు లోపల రబ్బరు వాచర్ ఉంటుంది, నీళ్ళు ఆపేది ఆ వాచరే, అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టాల్సిన పని లేదు. చేత్తో బిగించి స్పానర్‌తో పావు చుట్టు చాలు. బలం చూపిస్తే వాచర్ నలిగి ఆ జాయింటే కారుతుంది.

దీనికీ ఒక పరిమితి ఉంది. పై అంతస్తులో ఉండి, ట్యాంకు నెత్తి మీదే ఉన్న ఇళ్ళల్లో ప్రెషర్ తక్కువ. ప్రెషర్‌ని బార్‌లలో కొలుస్తారు, పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ లెక్క, ట్యాంకు నీటిమట్టం షవర్ కన్నా రెండు మీటర్లే పైన ఉంటే వచ్చేది 0.2 బార్. అలాంటి చోట ఇరుకైన కనెక్షన్ పైపులు పొడుగ్గా రెండు పెడితే షవర్ ఇంకా నీరసిస్తుంది. కింది అంతస్తుల్లోనూ, ప్రెషర్ పంపు ఉన్న అపార్ట్‌మెంట్లలోనూ ఈ బాధ ఉండదు. ఈ కనెక్షన్ పైపుల లోపల ఉండేది రబ్బరే కాబట్టి ఐదారేళ్ళకోసారి మార్చేసుకోవడం మంచిది, ముఖ్యంగా ఊరెళ్ళినప్పుడు ఇల్లు తాళం వేసి వదిలేసేవాళ్ళు.

మూడోది, ఉన్న పాయింట్ల నుంచే గోడ బయట సీపీవీసీ ముక్కలతో లైను జరపడం. గీజర్‌ని అటక మీదికో, పక్క గోడకో మార్చాల్సి వస్తే ఇది. చూడ్డానికి అంత బాగోదు అంటారు, నిజమే, కానీ రేపు కారితే కళ్ళకి కనిపిస్తుంది, చేతికి అందుతుంది, టైల్ పగలకుండా బాగుచేసుకోవచ్చు. నాకైతే బాత్‌రూమ్‌లో అందం కన్నా ఇదే ముఖ్యం. ఇక్కడ ప్లంబర్లు తొందరపడే చోటు ఒకటుంది: సొల్యూషన్ రాసి అతికించిన గంటకే వేడి నీళ్ళు వదిలేస్తారు. ఒక రాత్రి ఆరనివ్వమని గట్టిగా చెప్పండి. గీజర్ నిపుల్‌కి సీపీవీసీ పైపుని నేరుగా బిగించకుండా మధ్యలో స్టీల్ అల్లిక పైపు ఉండాలి, మరలు వచ్చే చోటల్లా బ్రాస్ ఉన్న ఫిట్టింగే వాడాలి. వేడికి సీపీవీసీ సాగుతుంది, మూడు మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే ఏడెనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాబట్టి క్లాంపులు పైపుని బిగబట్టకుండా కదలనిచ్చేలా ఉండాలి. లైను సన్‌షేడ్ మీదుగా ఎండలోకి వెళ్తే పైన నీళ్ళల్లో కలిపే రకం పెయింటు వేయించండి, లేదా నల్ల ఫోమ్ గొట్టం తొడిగించండి. ఎండకి సీపీవీసీ పెళుసెక్కుతుంది.

గీజర్ దూరంగా వెళ్తే పైపులో నిలిచిన చల్లని నీళ్ళు పోయేదాకా ఆగాలి కదా అని అడుగుతారు. అర అంగుళం సీపీవీసీలో మీటరుకి 120 మిల్లీలీటర్ల చిల్లర పడతాయి. ఐదు మీటర్లు జరిపితే సుమారు 600 మిల్లీలీటర్లు, అంటే ఒక చెంబు. దానికి భయపడక్కర్లేదు. ముప్పావు అంగుళం పైపు వేస్తే మాత్రం అది రెట్టింపవుతుంది, వేణ్ణీళ్ళ లైను ఒక్క బాత్‌రూమ్‌కే అయితే అర అంగుళమే వేయించండి.

నాలుగోది, గోడ కొట్టి పాయింట్లు జరపడం. బాత్‌రూమ్ మొత్తం బాగుచేయిస్తున్నప్పుడు తప్ప నేను దీన్ని సిఫార్సు చెయ్యను. పాత టైల్ ఇప్పుడు దొరకదు, దొరికినా షేడ్ కలవదు. టైల్ వెనక తడి ఆపే పూత తెగుతుంది, తర్వాత ఎప్పుడో అవతలి గదిలో పెయింట్ పొక్కుతుంది, అపార్ట్‌మెంట్ అయితే కింది ఫ్లాట్ వాళ్ళతో మాట పట్టింపు. తప్పనిసరైతే ఒక ఉపాయం: గీజర్ గోడకి అవతల బెడ్‌రూమో వరండానో ఉంటే అటువైపు నుంచి గాడి కొట్టించండి. నాలుగున్నర అంగుళాల గోడలో పైపు అటునుంచి కూడా అందుతుంది, టైల్స్ పగలవు, చివర్న సిమెంటు, పుట్టీ, పెయింటుతో అయిపోతుంది. కాలమ్, బీమ్ ఉన్న చోట గాడి కొట్టనివ్వకండి, మేస్త్రి ఏం పర్లేదన్నా సరే.

ఇందులోనే ఇంకో చిన్న విషయం చాలామందికి తెలియదు. పాత యాంగిల్ కాక్ బాగానే పనిచేస్తుంటే దాన్ని ఊడబెరకనివ్వకండి. ఏళ్ళ తరబడి పట్టేసిన కాక్‌ని పైపు రెంచీతో తిప్పితే లోపల బ్రాస్ ఎల్బో (పైపు మలుపు ముక్క) కూడా దాంతో పాటు తిరుగుతుంది, పాతబడ్డ సీపీవీసీ అక్కడే పుటుక్కున విరుగుతుంది. కారడం మొదలయ్యేది టైల్ వెనక, మీకు తెలిసేది వారం తర్వాత. కాక్‌ని అలాగే ఉంచి దానికే కొత్త కనెక్షన్ పైపు తగిలించడం క్షేమం.

జీఐ అయితే లెక్క వేరు

విజయవాడ భవానీపురంలో అపార్ట్‌మెంట్‌కి పైన చెప్పింది సరిపోతుంది. బ్రాడీపేటలో ముప్పై నలభై ఏళ్ళ ఇల్లయితే, బకెట్ పరీక్షలో వేణ్ణీళ్ళు సన్నగా వచ్చాయంటే, ఆ జీఐ లైనుకి అతుకులు వేయించకండి. తుప్పు ఒక్కచోట ఉండదు. ఒక ఎల్బో మార్చి రెంచీ పెట్టి తిప్పిన కుదుపుకే అవతలి జాయింటు కారుతుంది, అది బాగుచేస్తే ఆ పక్కది. ప్రతిసారీ టైల్స్ పగలగొట్టుకుంటూ కూర్చోవాలి. పాత లైను రెండు చివర్లూ డమ్మీలు వేసి మూసేసి, గోడ లోపలే వదిలేసి, కొత్త సీపీవీసీ లైను బయట నుంచి, అంటే డాబా మీంచి వెంటిలేటర్ పక్కగా లోపలికి దించుకోవడం మేలు. గోడ కొట్టే ఖర్చు మిగులుతుంది, ఆ డబ్బుతో మంచి కంపెనీ పైపు, మంచి వాల్వులు వస్తాయి. చన్నీళ్ళ లైను కూడా జీఐ అయితే పనివాళ్ళు ఇంట్లో ఉండగానే రెండూ కలిపి చేయించేసుకోండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు మొదటి రెండు దారుల్లోనే ఉండండి, గీజర్ మీది కాబట్టి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళిపోవచ్చు, లైను మార్చాల్సొస్తే ఆ ఖర్చు ఓనర్‌గారితో ముందే మాట్లాడుకోండి. పైపుల గొడవెందుకు, గ్యాస్ గీజర్ పెట్టేద్దాం అనేవాళ్ళకి ఒకటే మాట: అది బాత్‌రూమ్ లోపల పెట్టకూడదు. తలుపు మూసిన చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సినవి

ఉచిత ఇన్‌స్టాలేషన్ అంటే మామూలుగా గోడకి తగిలించడం వరకే, కనెక్షన్ పైపులు, వాల్వులు, లైను మార్పులు విడిగా లెక్క కడతారు, కొనేటప్పుడే అడగండి. నిండిన ఇరవై అయిదు లీటర్ల గీజర్ 35 కిలోలు దాటుతుంది, తేలిక బ్లాకుల గోడ అయితే దానికి తగిన యాంకర్లు కావాలి. చన్నీళ్ళు నీలం గుర్తుకి, వేణ్ణీళ్ళు ఎర్ర గుర్తుకి. ఇవి తారుమారైతే గీజర్ ఆన్ చేసినా నాలుగు చెంబులు రాగానే గోరువెచ్చగా అయిపోతుంది, ఎందుకంటే చన్నీళ్ళు పైనుంచి పడి వేడి నీళ్ళల్లో కలిసిపోతుంటాయి.

గీజర్‌తో వచ్చే సేఫ్టీ వాల్వు చన్నీళ్ళ వైపు బిగించాలి, అది చుక్కలు కారుస్తోందని తీసేసే అలవాటు మన దగ్గర ఉంది, తీయించకండి. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి, ఇరవై అయిదు లీటర్లు 25 నుంచి 65 డిగ్రీలకి వస్తే నాలుగు వందల మిల్లీలీటర్ల పైన పెరుగుతాయి. ఆ వాల్వు నీళ్ళని వెనక్కి పోనివ్వదు కాబట్టి ఆ ఎక్కువైన నీళ్ళు దాని ముక్కులోంచి రావాల్సిందే. ఒక సన్న గొట్టం తగిలించి కిందికి వదిలెయ్యండి, చివర మాత్రం మూయొద్దు.

గీజర్ పక్కకి జరిగితే సాకెట్ కూడా జరగాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డుతో సరిపెట్టకండి. రెండు కిలోవాట్లంటే దాదాపు 9 ఆంప్స్, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) లేకపోతే ఈ పనితో పాటే పెట్టించండి. బోరు నీళ్ళ ఇళ్ళవాళ్ళు ఏడాదికోసారి లోపలి మెగ్నీషియం కడ్డీ చూపించుకోండి, ట్యాంకు బదులు అరిగేది అదే.

అన్నీ బిగించాక వేణ్ణీళ్ళ కుళాయి తెరిచి, గాలి పోయి ధార ఒకేలా వచ్చేదాకా వదిలి, ఆ తర్వాతే స్విచ్ వెయ్యండి. ప్లంబర్ వెళ్ళే ముందు గీజర్ ఒకసారి పూర్తిగా వేడెక్కి ఆగేదాకా ఉండమనండి, జాయింట్లు చల్లగా ఉన్నప్పుడు కారకపోయినా వేడెక్కాక కారొచ్చు. ప్రతి నట్టు చుట్టూ పొడి టిష్యూ కాగితం తిప్పి చూడండి, కంటికి కనిపించని చెమ్మ కూడా దాని మీద తేలిపోతుంది. మర్నాడు పొద్దున మళ్ళీ ఒకసారి చూడండి. సేఫ్టీ వాల్వు గీజర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా రోజంతా కారుతుంటే అది ఉబ్బిన నీళ్ళు కాదు, వాల్వులో చెత్త ఇరుక్కుని ఉండాలి, లేదా పంపు ప్రెషర్ ఎక్కువై ఉండాలి. వాల్వు శుభ్రం చేయించి చూసి, అప్పటికీ ఆగకపోతే పంపు సెట్టింగ్ తగ్గించమని అపార్ట్‌మెంట్ వాళ్ళకి చెప్పండి.